పఠనీయము – పాఠకుడు: పైథాన్ నేర్చే విద్యార్థులకు ఒక మాట

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు రహదారి పొడవునా కంప్యూటరు శిక్షణాలయాల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. మన విద్యార్థులు పలువురు సాయంకాలం అక్కడికి వెళ్లి పైథాన్ భాష నేర్చుకుంటున్నారు. ఇది హర్షింపదగిన విషయమే. కాని సూత్రాలను కంఠస్థం చేయడం వేరు, భావాన్ని గ్రహించడం వేరు. ఆ తేడా స్పష్టంగా బయటపడే స్థలం ఆ భాషలో ఒకటున్నది. మళ్లీ మళ్లీ చదువదగిన ఇటరబుల్‌కు, ఒక్కసారితో ముగిసిపోయే ఇటరేటర్‌కు మధ్యగల భేదమే అది. దీనిని తొలి వారాలలోనే, మాతృభాషలోనే బోధించాలని నా అభిప్రాయం.

మనం నిత్యం చూచే మెట్రోనే ఉదాహరణగా తీసుకుందాం. ఎల్.బి.నగర్ నుండి మియాపూర్ వరకు 27 స్టేషన్లు. ఆ పేర్ల పట్టికను ఎవరు ఎన్నిసార్లు మొదటినుండి చదివినా అది తరిగిపోదు. పట్టిక ఇటరబుల్. కాని ఆ దారిలో బయలుదేరిన ఒక ప్రయాణం అటువంటిది కాదు. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ చేరిన తరువాత "ముందు ఏమున్నది?" అని అడిగితే మూసారాంబాగ్ అన్నదే సమాధానం. వెనుకటి స్టేషన్లు ఆ ప్రయాణానికి ఇక లేవు. మియాపూర్ చేరగానే ఆ ప్రయాణమే సమాప్తం. ఇది ఇటరేటర్. మార్గం నిలిచి ఉంటుంది, ప్రయాణం కరిగిపోతుంది.

పైథాన్‌లో లిస్ట్ అనేది మార్గం వంటిది. 'ఫర్' ఆవృత్తి మొదలైనప్పుడెల్లా 'ఇటర్' అనే పిలుపు వెళ్తుంది. లిస్ట్ ప్రతిసారి ఒక కొత్త ఇటరేటర్‌ను ఇస్తుంది. అదే పిలుపు ఇటరేటర్‌కు వెళ్తే అది తననే తిరిగి ఇస్తుంది, తాను ఆగిన చోటుతో సహా. కనుక ప్రతి ఇటరేటరూ ఇటరబులే, కాని ప్రతి ఇటరబులూ ఇటరేటర్ కాదు. రెంటినీ వేరుచేసి గుర్తించడానికి ఈ ఒక్క పరీక్ష చాలును.

ఇందులో ప్రమాదమేమిటి? ఒక విద్యార్థి తరగతి మార్కులను అక్షర రూపం నుండి అంకెలుగా మార్చడానికి 'మ్యాప్' వాడినాడనుకొందాం. మొదట మొత్తం కూడినాడు, సరిగా వచ్చింది. పిదప అదే 'మ్యాప్' మీద 35 కంటె తక్కువ వచ్చినవారిని లెక్కించినాడు. సమాధానం సున్న! అందరూ ఉత్తీర్ణులైనారని కాదు. మార్కులన్నీ మొదటి కూడికలోనే ఖర్చయిపోయినవి. యంత్రం ఏ తప్పునూ ఎత్తిచూపదు. ఇటరేటర్ అయిపోయినప్పుడు వచ్చే 'స్టాప్ ఇటరేషన్' సంకేతాన్ని ఆవృత్తి సహజమైన ముగింపుగానే స్వీకరిస్తుంది. గట్టిగా అరిచే తప్పును దిద్దుకోవచ్చును. మౌనంగా అబద్ధం చెప్పే తప్పును పట్టుకొనేదెవరు? అటువంటి లెక్కమీద రేపు ఒక విద్యార్థి వేతనమో ప్రవేశమో ఆధారపడితే నష్టపోయేది ఎవరో చెప్పనక్కరలేదు.

ఈ గందరగోళానికి చరిత్ర కూడా ఒక కారణం. 2008లో వచ్చిన మూడవ పైథాన్‌కు ముందు 'మ్యాప్', 'జిప్' లిస్టులనే ఇచ్చేవి. తరువాత ఇటరేటర్లను ఇవ్వసాగినవి. పాత నోట్సు వల్లించినవారు ఇక్కడే తడబడతారు. అట్లని ఇటరేటర్‌ను నిందించరాదు. లక్షల పంక్తుల ఫైలును ఒక్కొక్క పంక్తిగా చదువుతూ జ్ఞాపకశక్తిని పొదుపు చేసేది అదే. పొదుపైనదంతా ఒక్కసారిదేనన్న భావనా సరికాదు. 'రేంజ్' కోటి అంకెలను దాచుకోకుండానే ఎన్నిసార్లు అడిగినా మొదటినుండి ఇస్తుంది. కనుక రెండవసారి అవసరమున్నదా అన్న ప్రశ్న ముందే వేసుకోవాలి. ఉంటే లిస్టుగా మార్చి ఉంచుకోవాలి.

ఇక భాష సంగతి. ఇటరబుల్, ఇటరేటర్ అన్న రెండు మాటలు కొత్త విద్యార్థి చెవికి ఒకేలా వినిపిస్తాయి. మన భాషలో ఆ చిక్కు లేదు. చదువదగినది పఠనీయము, చదివేవాడు పాఠకుడు. ఉర్దూలో చెప్పాలంటే ఒకటి పఢ్‌నే లాయక్, మరొకటి పఢ్‌నేవాలా. గ్రంథం ఒక్కటే, పాఠకులు ఎందరైనా ఉండవచ్చును, ఎవరి పుట గుర్తు వారిది. ప్రత్యయం మారగానే అర్థం ఎంత మారుతుందో వ్యాకరణం చదివిన మన పిల్లలకు కొత్తగా చెప్పాలా?

ఉద్యోగ పరీక్షలు ఇంగ్లీషులో జరుగుతుండగా ఈ తెలుగు, ఉర్దూ మాటలెందుకని కొందరు అడగవచ్చును. ఇంగ్లీషు పదాన్ని వదలమని నేననను. పదం ఇంగ్లీషుదే కానీయండి, బోధ మాత్రం మనదై ఉండాలి. అర్థమైనవాడు ఏ భాషలోనైనా జవాబు చెప్పగలడు. వల్లించినవాడు ప్రశ్న కొంచెం మారితే నిలిచిపోతాడు.

కళాశాల కమిటీవారికి నా విన్నపాలు రెండు. తెలుగు, ఉర్దూ, కంప్యూటరు అధ్యాపకులు కలిసి ఇటువంటి జంట పదాలతో ఒక చిన్న ద్విభాషా పదపట్టిక సిద్ధం చేయాలి. ప్రాక్టికల్ పరీక్షలో "ఈ ప్రోగ్రాం ఏమి ముద్రిస్తుంది?" అని మాత్రమే కాక, "రెండవసారి ఏమి ముద్రిస్తుంది, ఎందుకు?" అని కూడా అడగాలి. వీటికి ఖర్చు స్వల్పం, ఫలితం శాశ్వతం.

విద్యార్థి మిత్రులారా! మీ చేతిలో ఉన్నది గ్రంథమా, సగం చదివిన పాఠకుడా అన్నది చూచుకొని మరీ రెండవ ఆవృత్తి మొదలుపెట్టండి.