కథ రాసిన చేతికి కూలి ఏదీ?

చెప్పు కుట్టించుకున్నారు. డప్పు కొట్టించుకున్నారు. చచ్చిన గొడ్డును మోయించుకున్నారు. చావు కబురు పది ఊళ్ళకు పంపించుకున్నారు. కూలి ఎంత అంటే, కళ్ళంలో మేర పడేస్తాం ఉండమన్నారు. ఆ మేర కొలిచేదీ వాళ్ళే, ఎంతో తేల్చేదీ వాళ్ళే. మన తాతలు దాన్ని వెట్టి అన్నారు. కొట్లాడారు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది.

ఇప్పుడు మన వాడల్లోంచి పిల్లలు కథలు రాస్తున్నారు. ఆ చేతికీ పాత మాటే ఎదురవుతోంది: "ముందు రాయి, పేరొస్తుంది. డబ్బుదేముంది?" పేరు తిని బతికినోడు మన వాడలో ఒక్కడన్నా ఉన్నాడా?

అచ్చులోకి వెళ్ళే దారి మనకెప్పుడూ ఎవరూ పరిచిపెట్టలేదు. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పక్షపత్రిక తెచ్చినప్పుడు, డబ్బు కడతాం ప్రకటన వెయ్యండన్నా పూనాలోని 'కేసరి' వెయ్యలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు 1931లో సొంతంగా 'భాగ్యనగర్' పక్షపత్రిక పెట్టుకున్నారు. ఆయన 'వెట్టి మాదిగ' కథ ఆ పత్రికలోనే వచ్చింది. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మన రాత కట్ట తెంచుకుని పారింది. 'ఊరబావి' కథల కొలకలూరి ఇనాక్, 'మన్నుబువ్వ' జాజుల గౌరి, 'రాయక్క మాన్యం' జూపాక సుభద్ర మన ముందున్నారు. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం 2020లో 'మిళింద' కథలకు మానస ఎండ్లూరికి వచ్చింది. 2024లో 'ఢావ్లో' కథలకు లంబాడీ బిడ్డ రమేశ్ కార్తీక్ నాయక్‌కు వచ్చింది. 35 ఏళ్ళ లోపు రచయితలకిచ్చే ఆ పురస్కారం 50 వేల రూపాయలు. కాబట్టి మన కథ నిలబడదనే మాట చచ్చిపోయింది. కానీ పురస్కారం ఏడాదికి ఒక్కరికే. మిగతా వందమంది సంగతేంటి?

పత్రికలోళ్ళు రచయితకిచ్చే డబ్బును ఏమంటారో గమనించారా? పారితోషికం. అంటే సంతోషపడి ఇచ్చేది. వాళ్ళకు సంతోషం కలిగితే ఇస్తారు, లేకపోతే లేదు! కూలి అలాంటిది కాదు. చేసిన పనికి రావాల్సింది అది. ఈ రెండు మాటల మధ్య తేడా తెలుసుకోవడమే కొత్త రచయిత వెయ్యాల్సిన మొదటి అడుగు.

మన ఉద్యమంలోనే కొందరు అన్నలు అంటారు: "జాతి కోసం రాసేదానికి రేటు కడతారా? అది సేవ." అన్నా, ఊరికే రాయగలిగేది ఎవరు? పొలమున్నోడు, నెల జీతమున్నోడు. పత్తి తీసే చెల్లి కథ టైపు చేయించుకోడానికి మండలానికి పోతే ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది, టైపు డబ్బులు పోతాయి. కథ పడ్డాక ఒక కాపీ కూడా ఇవ్వకపోతే ఆమె రెండో కథ రాస్తుందా? ఆమె మానేస్తే ఆమె కథను మళ్ళీ ఎవరో రాస్తారు. మన మీద జాలిపడి రాసే కథలు వందేళ్ళుగా చదువుతూనే ఉన్నాం, చాలదా? ఊరికే రాయమంటే ఉన్నోళ్ళే రాయగలరు. సేవ పేరుతో మూసే తలుపు కూడా తలుపే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక పని మాటలు చెప్పుకుందాం.

కథ పంపేముందు ఒక నకలు మీ దగ్గర దాచుకోండి. ఇప్పుడు ఎక్కువ పత్రికలు టైపు చేసిన కథే అడుగుతున్నాయి. సెల్లులో మాట్లాడుతూ టైపు చెయ్యొచ్చు, తర్వాత తప్పులు దిద్దుకోవాలి. పేరు, చిరునామా, ఫోను నంబరు రాయండి. ఇది నా సొంత కథ, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెవరి పరిశీలనలోనూ లేదు అని హామీపత్రం జతచెయ్యండి. ఒక కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపొద్దు. వాట్సాపులో, ఫేస్‌బుక్కులో ముందే పెట్టేస్తే చాలా పత్రికలు అచ్చయిన కథగానే లెక్కేస్తాయి. మూడు నెలలు చూసి జవాబు రాకపోతే, కథ వెనక్కి తీసుకుంటున్నానని ఒక ముక్క రాసి ఇంకో పత్రికకు పంపండి. తిరిగొచ్చినంత మాత్రాన కథ చెడ్డదని కాదు. అలాగని తిరిగొచ్చిన ప్రతి కథా గొప్పదీ కాదు. మళ్ళీ చదవండి, వాడలో నలుగురికి చదివి వినిపించండి, దిద్దండి.

కథ తీసుకున్నామనగానే సంబరంలో మూడు ప్రశ్నలు మరిచిపోవద్దు. డబ్బు ఎంత? ఎప్పుడు? కాపీలు ఎన్ని? అడగడం అమర్యాద కాదు. నాట్లకు పోయేటప్పుడు కూలి ఎంతో అడక్కుండా మడిలో దిగుతామా?

భాష సంగతి కూడా ముందే తేల్చుకోండి. మీ అమ్మ మాట్లాడిన మాటను 'శుద్ధి' చేసి అచ్చేసే సంపాదకులున్నారు. నన్ను అడక్కుండా మార్చొద్దని కథతోపాటే రాసి పంపండి. రచయిత గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ఇచ్చింది.

ఆ 1957 చట్టం మన చేతిలో ఉండాల్సిన ఆయుధం. సొంతంగా కూర్చుని రాసుకున్న కథకు మొదటి హక్కుదారు రాసినవాళ్ళే. రాసిన క్షణం నుంచే హక్కు ఉంది, రిజిస్ట్రేషన్ లేకపోయినా ఉంది. మీరున్నన్నాళ్ళూ మీది, తర్వాత 60 ఏళ్ళు మీ వారసులది. ఆ హక్కు ఇంకొకరికి బదిలీ కావాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి, నోటిమాట చెల్లదు. ఏ హక్కులు, ఎన్నేళ్ళు, ఎంత దూరం, ఎంత డబ్బు అన్నవి ఆ కాగితంలో ఉండాలి. ఎన్నేళ్ళో రాయకపోతే ఐదేళ్ళుగానే లెక్క. "సర్వహక్కులూ శాశ్వతంగా" అన్న మాట కనబడితే కలం కింద పెట్టండి. ఇంగ్లీషు అనువాదం, సినిమా, యూట్యూబులో కథ చదవడం, ఇవన్నీ వేరు వేరు హక్కులు. ఒకటి ఇచ్చినంత మాత్రాన అన్నీ ఇచ్చినట్టు కాకూడదు. కథల పోటీలకు పంపేముందు కూడా నిబంధనలు చివరిదాకా చదవండి. తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న జాతి మనది. చదువుకున్నాక కూడా చదవకుండా సంతకం పెడితే ఎట్లా?

ఇక పుస్తకం. "ముప్ఫై వేలు కట్టు, మేం వేస్తాం" అనేవాడు మీ ప్రచురణకర్త కాదు, మీరు వాడికి గిరాకీ. అది తెలిసి కడితే తప్పు లేదు, లెక్క మాత్రం చూసుకోండి. వంద రూపాయల పుస్తకం అనుకుందాం. అచ్చుకు అరవై, కొట్టువాడి కమీషను నలభై పోతే మీకు మిగిలేది సున్నా. అందుకే ఒకేసారి వెయ్యి కాపీలు వేసి మంచం కింద పేర్చుకోవద్దు. రెండొందలు వేసి, సభల్లో మీరే అమ్మి, ఆ డబ్బుతో మళ్ళీ వెయ్యండి. ఒక కాపీ శ్రీకాకుళంలోని కథానిలయానికి పంపండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన గ్రంథాలయం అది. తెలుగు కథ ఎక్కడ పడినా దాచిపెట్టే చోటు. మన కథలు అక్కడ లేకపోతే రేపు మనం రాయలేదనే అంటారు.

సంఘాల నాయకులకు ఒక మాట. ఏప్రిల్ 14న ఫ్లెక్సీలకు, దండలకు, డీజేకు పెట్టే ఖర్చులో పదో వంతు పుస్తకాలకు పెట్టండి. సభలో మన రచయితకు శాలువా కప్పి, ఆ రచయిత పుస్తకం ఊరికే పట్టుకుపోయే అలవాటు మానండి. శాలువాతో పొయ్యి వెలగదు. పుస్తకం కొనండి. వాడలో చదవడం రాని అమ్మలకు చదివి వినిపించండి.

చెప్పేవాళ్ళం ముందు చెయ్యాలి. వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో పడే ప్రతి కథకూ మూడు వందల రూపాయలు, ఐదు కాపీలు ఇస్తాం. కథ పడిన పదిహేను రోజుల్లో ఇస్తాం. హక్కులు రచయితవే. అడక్కుండా ఒక్క మాట మార్చం. మూడు వందలు చాలాచోట్ల ఒక రోజు కూలికి కూడా చాలదని మాకు తెలుసు. మీ చందాలు పెరిగితే అదీ పెరుగుతుంది. అయితే అది పారితోషికం కాదు, దయ కాదు, మేర కాదు. కూలి. లెక్క రాసి ఇస్తాం, అడిగి తీసుకోండి. మేం ఇవ్వకపోతే మా మీదే కొట్లాడండి.

వెట్టి పొలంలో ఉన్నా వెట్టే, కాగితం మీద ఉన్నా వెట్టే.

రాయండి. పేరు అడగండి. కూలి అడగండి.

జై భీమ్!