పరుగున మూర్ఛిల్లు యువకులు

ఆటస్థలమున యువకుడు మూర్ఛిల్లినచో, ఎండదెబ్బ యనియో ఆకలి యనియో తలచి, ముఖమున నీళ్లు చల్లి యింటికి బంపుట మనలో వాడుక. ఈ యుపేక్ష యొక్కొక్కప్పుడు ప్రాణాంతకము.

బృహద్ధమని మొదట బుట్టిన రెండు హృదయధమనులు గుండెకు రక్తము నిచ్చును. కొందఱికి జన్మతః ఎడమధమని కుడివైపున బుట్టి, బృహద్ధమనికిని, ఊపిరితిత్తులకు బోవు ధమనికిని నడుమ దూఱిపోవును. ఒక్కొక్కచో బృహద్ధమని గోడలోననే కొంతదూరము నడచును. విశ్రాంతివేళ దీసిన ఇ. సి. జి. నిర్దోషముగా గన్పట్టవచ్చును. తీవ్రశ్రమలో మాత్రము రక్తము చాలక గుండె యాగవచ్చును.

ఎడమధమని బొత్తిగా లేకుండుటయు నిట్టి జన్మలోపమే. అమెరికా బాస్కెట్‌బాల్ వీరుడు పీట్ మారవిచ్ 1988 జనవరి 5న, 40 ఏండ్ల వయస్సున, ఆటలో గూలి మరణించెను. శవపరీక్షలో గాని యాతని లోపము బయటపడలేదు.

శస్త్రవైద్యము నేడు నిస్సహాయము కాదు. గోడలో నణగిన ధమనికి గప్పుగా నున్న పొరను గోసి ద్వారమును విశాలపఱతురు. లేదా ధమనిని వేఱుచేసి తగినచోట నతుకుదురు. అందఱికి నిది యక్కఱలేదు. కుడిధమని యెడమవైపున బుట్టియు బాధ లేనివారిని పెక్కురను బరీక్షించి కనిపెట్టియుండిన జాలును. ఆ వివేచన నిపుణులది.

మన కర్తవ్యము వేఱు. వ్యాయామము మానుడని మేము చెప్పము. జాతికి బలిష్ఠులు కావలయును. కాని శ్రమవేళ మూర్ఛిల్లినవానిని, ఱొమ్మునొప్పి యన్నవానిని, హృద్రోగవైద్యుడు ఎకో, సి. టి. పరీక్షలతో ధమనుల పుట్టుక నెఱుగక మున్ను మరల బరుగునకు దింపరాదు. పాఠశాలలు దీనిని నియమముగా గైకొనవలెను. శవపరీక్ష తెలుపు సత్యమును ముందే తెలిసికొనుట మన చేతిలోనిది.