ఓర్వకల్లుకు కంపెనీలొస్తే మన పిల్లలకు పని దొరుకుతుందా?

"కంపెనీలు వస్తున్నాయి, ఇంక నిరుద్యోగం ఉండదు" అనే మాట మా పిల్లలు పుట్టినప్పటి నుంచీ వింటున్నారు. వాళ్లలో పెద్దవాళ్లకు పెళ్లిళ్లయి పిల్లలు కూడా పుట్టినారు. మాట మాత్రం అలాగే ఉంది. కడప ఉక్కు సంగతే చూడండి. 2007లో జమ్మలమడుగు దగ్గర బ్రాహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన. 2014 రాష్ట్ర విభజన చట్టంలో, కడప జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమో కాదో సెయిల్ సంస్థ ఆరు నెలల్లో చూడాలని ఒక వాక్యం. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర ఇంకో శంకుస్థాపన. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో మరొకటి. 2023 ఫిబ్రవరిలో అక్కడే జేఎస్‌డబ్ల్యూ పేరుతో ఇంకొకటి. ప్రభుత్వాలు మారినాయి, కొబ్బరికాయ కొట్టడం మారలేదు.

అయితే రాని ఫ్యాక్టరీ గురించి అందరూ రాస్తారు. మేం వచ్చే ఫ్యాక్టరీ గురించి రాయాలనుకుంటున్నాం. మేమంటే సుగాలి, ఎరుకల, యానాది, చెంచు ఇళ్లలో పుట్టి, డీఎడ్ చదివి, మళ్లీ ఆ ఇళ్ల పిల్లలకే పాఠాలు చెబుతున్న టీచర్లం.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక నగరాలకు అనుమతి ఇచ్చింది. అందులో రెండు మనవే. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2,621 ఎకరాలు, కడప పక్కన కొప్పర్తిలో 2,596 ఎకరాలు. ఓర్వకల్లులో సుమారు 45 వేల మందికి, కొప్పర్తిలో సుమారు 54 వేల మందికి ఉపాధి అని చెప్పినారు. ఆ అంకెలు అక్షరాలా నిజమే అవుతాయనుకుందాం. ఒక్క ఉద్యోగం కూడా తగ్గదనుకుందాం. అయినా కర్నూలు, కడప పట్టణాల్లో నిరుద్యోగిత రేటు తగ్గకపోవచ్చు. పెరగనూ వచ్చు. ఇది శాపనార్థం కాదు. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే శాతాల లెక్క.

నల్లబల్ల మీద వేసి చూద్దాం. ఇది నిజమైన ఊరు కాదు, లెక్క కోసం అనుకున్న ఊరు. అందులో పని చేస్తున్నవాళ్లు 900, పని వెతుకుతున్నవాళ్లు 100. ఈ వెయ్యి మందిని కలిపి శ్రామిక శక్తి అంటారు. వెయ్యిలో వంద, అంటే నిరుద్యోగిత 10 శాతం. వెతికి వెతికి విసిగి ఇంట్లో కూర్చున్నవాళ్లు ఈ వెయ్యిలో లేరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఒక కంపెనీ వచ్చి 60 ఉద్యోగాలు ఇచ్చింది. 30 మంది బయటి నుంచి ఉద్యోగంతోనే వచ్చి ఊళ్లో అద్దెకు దిగినారు. మిగిలిన 30 ఊరివాళ్లకు దక్కినాయి. ఆ 30లో పని లేనివాళ్లు 15 మందే. మిగతా 15 మంది ఇదివరకే ఏదో ఒక పని చేస్తున్నవాళ్లు. బట్టల షాపులో గుమస్తా, ఆటో డ్రైవరు, ప్రైవేటు స్కూల్లో అయ్యవారు. కంపెనీవాడు కూడా అలవాటైన చేతినే తీసుకుంటాడు. వాళ్లు వదిలిన 15 పనుల్లో అయిదింటికి పని లేనివాళ్లు దొరికినారు, పదింటిలో మళ్లీ ఎవరినీ పెట్టుకోలేదు. ఆటో అమ్మేసినాడు, అంతే. కాబట్టి వందమంది నిరుద్యోగుల్లో పని దొరికింది 20 మందికి. ఇంకా 80 మంది ఉన్నారు.

లెక్క ఇక్కడ ఆగదు. కంపెనీ వచ్చిందన్న కబురు విని 40 మంది కొత్తగా పని వెతకడం మొదలుపెట్టినారు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు, హైదరాబాదులో చాలీచాలని జీతం వదిలి వచ్చినవాళ్లు, కువైట్ నుంచి వీసా అయిపోయి తిరిగొచ్చినవాళ్లు. 80కి 40 కలిస్తే 120. శ్రామిక శక్తి వెయ్యికి 30, 40 కలిసి 1,070 అయింది. 1,070లో 120 అంటే 11.2 శాతం. 60 ఉద్యోగాలు వచ్చినాయి, రేటు 10 నుంచి 11.2కు పెరిగింది. పత్రికలో "60 మందికి ఉపాధి" అని వస్తే అది అబద్ధం కాదు. ఈ పెరుగుదలా అబద్ధం కాదు.

ఇది మేం కనిపెట్టింది కాదు. 1964లో కెన్యాలో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ప్రైవేటు యజమానులు పనివాళ్లను 10 శాతం పెంచాలి, ప్రభుత్వం 15 శాతం పెంచాలి, సంఘాలు మాత్రం కొంతకాలం జీతాల పెంపు అడగకూడదు. పని ఇస్తున్నారనే కబురు పల్లెలకు పాకింది. జనం నైరోబీ దారి పట్టినారు. నిరుద్యోగం తీరలేదు. 1970లో జాన్ హారిస్, మైకేల్ టొడారో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు, పట్నంలో ఉద్యోగాలు పెంచితే పట్నంలో నిరుద్యోగం పెరగవచ్చని సిద్ధాంతంగానే రాసినారు. పల్లెలో బతుకు ఎంత కష్టంగా ఉంటే ఈ పరుగు అంత ఎక్కువ. కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి సుగ్గికని గుంటూరు మిరప చేలకు కుటుంబాలకు కుటుంబాలు పోయే జిల్లా మనది. ఇంటికి దగ్గరలో గేటు తెరిచినారంటే ఆ గేటు ముందు ఎంతమంది నిలబడతారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ నలభై మంది బయటికి వచ్చి పని అడగడం తప్పని మేం అనడం లేదు. మా ఆడపిల్లలు పని అడుగుతున్నారంటే మాకు సంతోషమే. మా పేచీ వేరే. రేటు పెరిగితే కంపెనీ చెడ్డది, తగ్గితే మంచిది అని తేల్చేస్తే రెండు వైపులా మోసపోతాం. ఎందుకంటే ఆ రేటులో మనం ఉండీ లేనట్టే.

కర్నూలు, కడప జిల్లాల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం గిరిజనులు వందకు ఇద్దరు ముగ్గురు. మన పిల్లలందరికీ ఉద్యోగాలు వచ్చినా జిల్లా రేటు పెద్దగా కదలదు. ఒక్కరికీ రాకపోయినా కదలదు. ఇంకో వింత ఉంది. దేశవ్యాప్త సర్వేల్లో ఎస్టీల నిరుద్యోగిత మొత్తం సగటు కంటే తక్కువగానే కనబడుతుంది. మనం సుఖంగా ఉన్నామని కాదు, పని లేకుండా కూర్చునే స్తోమత మనకు లేదని. సర్వేలో వారం లెక్కన అడిగేటప్పుడు, ఆ ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా పనిలో ఉన్నట్టే రాసుకుంటారు. నల్లమలలో తేనె తీసే చెంచు అన్న, గంపలు అల్లే ఎరుకల అవ్వ, ఎలుకల బొరియలు తవ్వే యానాది మామ, అందరూ సర్కారు లెక్కలో "ఉపాధి ఉన్నవాళ్లే". వాళ్ల ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివి, గంప పట్టుకోను, ఉద్యోగం కావాలి అన్న పిల్ల మాత్రం నిరుద్యోగి. అంటే మేం బాగా పాఠం చెప్పేకొద్దీ జిల్లా రేటు పెరుగుతుంది! టీచర్లను తిట్టడానికి ఇంకో కారణం దొరికింది.

వచ్చిన కంపెనీ ఎలాంటిదో కూడా చూడాలి. గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. దాదాపు 5,900 ఎకరాలు. కట్టేటప్పుడు కూలీలు కావాలి. కట్టిన తర్వాత ఎండే పని చేస్తుంది. కొందరు ఇంజనీర్లు, ప్యానెళ్లు కడిగేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, కాపలావాళ్లు ఉంటే చాలు. కరెంటు వద్దని ఎవరూ అనరు. కానీ ఇలాంటి మెట్ట నేలల్లో మేకలు మేపుకునేవాళ్లు, కట్టెలు ఏరుకునేవాళ్లు, కంది కోతకు కూలికి పోయేవాళ్లు ఉంటారు. వాళ్లకు పట్టా ఉండదు. పట్టా లేనివాడి నష్టం ఏ ఫైలుకూ ఎక్కదు. కంపెనీ ఇచ్చిన పనులు చెప్పినవాళ్లు కంపెనీ కింద పోయిన పనులు కూడా చెప్పాలి కదా. 2022 మే 17న పిన్నాపురం విద్యుత్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగిన చోటు గుమ్మితం తండా. ఊరి పేరులో తండా ఉంది, జీతాల పట్టీలో తండా ఎంత ఉందని అడిగే హక్కు మనకు ఉంది.

అడిగితే ఏ చట్టం చూపిస్తారు? కర్నూలు, కడప షెడ్యూల్డ్ ప్రాంతాలు కావు. పాడేరులో, రంపచోడవరంలో ఉన్న 1/70 ఇక్కడ లేదు, పీసా లేదు. మన గ్రామసభ వద్దన్నా కొండ ఆగదు. 2019లో రాష్ట్రం తెచ్చిన చట్టం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అంటుంది. స్థానికులంటే రాష్ట్రం, జోన్, జిల్లా అంటారు కానీ పొగగొట్టం కనబడే తండా అని ఎక్కడా లేదు. ప్రైవేటు కంపెనీలో ఎస్టీ రిజర్వేషన్ లేదు. కడప ఉక్కు సెయిల్ కట్టి ఉంటే అందులో ఎస్టీకి వాటా ఉండేది. ప్రభుత్వ ఫ్యాక్టరీ ప్రైవేటు ఫ్యాక్టరీగా మారితే ఊళ్లో చాలామందికి తేడా తెలియదు, మన పిల్లలకు తెలుస్తుంది.

ఒకటి మాత్రం ఉంది, దాన్ని మన యువకులు కంఠతా పట్టాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం "ప్రభావిత కుటుంబం" అంటే భూమి ఉన్నవాడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద కూలి, కౌలు చేసి ముఖ్యంగా దానితోనే బతికినవాళ్లు కూడా. ప్రాజెక్టులో ఉద్యోగాలు వస్తే, శిక్షణ ఇచ్చి కుటుంబానికి ఒకరికైనా కనీస వేతనానికి తగ్గని పని ఇవ్వాలి. లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు 2,000కు తగ్గకుండా. ప్రభుత్వ భూమినే కంపెనీకి ఇచ్చినప్పుడు ఈ దారి మూసుకుపోతుంది. అందుకే ఏ సర్వే నంబరు పట్టా, ఏది డీకేటీ, ఏది పోరంబోకు అని ముందే తెలుసుకోవాలి, బుల్డోజరు వచ్చాక కాదు.

"మీ పిల్లలకు స్కిల్ లేదు సార్, ఏం చేయమంటారు" అంటారు. ఈ మాటకు మాకు ఒళ్లు మండుతుంది. ఐటీఐలో ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ చదువు రెండేళ్లు. పెద్ద ఫ్యాక్టరీ కట్టడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. కొబ్బరికాయ కొట్టిన రోజే చుట్టుపక్కల తండాల నుంచి యాభై మందిని కంపెనీ ఖర్చుతో ఐటీఐలో చేర్పిస్తే, గేటు తెరిచేనాటికి సర్టిఫికెట్లతో నిలబడతారు. అలా చేయకుండా, గేటు తెరిచాక స్కిల్ లేదనడం, పలక ఇవ్వకుండా అక్షరాలు రాయలేదని కొట్టడం లాంటిది.

ఈ ఏడాది మనం చేయగలిగిన పని ఒకటుంది. బడిలో హాజరుపట్టీ రాసే చేతులే మనవి. ఓర్వకల్లు, కొప్పర్తి చుట్టూ ఉన్న ప్రతి తండాకు, కాలనీకి ఒక నోటుబుక్కు పెడదాం. పద్దెనిమిది దాటిన ప్రతి ఒక్కరి పేరు, చదువు, ఇప్పుడు చేస్తున్న పని, సుగ్గికి పోతే ఎక్కడికి, ఎన్ని నెలలు. కంపెనీలో చేరితే కంపెనీ ఉద్యోగమా, లేబర్ కాంట్రాక్టరు కిందా, పీఎఫ్ నంబరు ఉందా లేదా. మానేస్తే ఎందుకు మానేశారో. ఏటా జూన్‌లో బడి తెరిచినప్పుడు పాత పేజీ పక్కన కొత్త పేజీ రాయాలి. తర్వాత ఎవరైనా మంత్రి వచ్చి వేల ఉద్యోగాలిచ్చాం అన్నప్పుడు, ఆ సభలో లేచి నోటుబుక్కు తెరిచి పేర్లు చదవాల్సింది మన పిల్లలే.