డాక్యుమెంటరీ చిత్రములు - పాలమూరు, నల్లగొండ బడులు

1975 ఆగస్టు 1వ తేదీన పాలమూరు జిల్లాలోని కొన్ని పల్లెలలో మొట్టమొదటిసారిగా టెలివిజను పెట్టె వెలిగినది. నాటికి హైదరాబాదు నగరవాసులకే ఆ భాగ్యము కలుగలేదు. అమెరికా వారి ఎ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును ఒక్క సంవత్సర కాలమునకు ఎరవు తెచ్చుకొని, ఆరు రాష్ట్రములకు చెందిన 20 జిల్లాలలో 2,400 గ్రామములకు భారత ప్రభుత్వము కార్యక్రమములను పంపిన ప్రయోగమది. దానికి ‘సైట్’ అని పేరు. కోళ్ళగూళ్ళకు వాడునట్టి ఇనుప వలతో పదియడుగుల వెడల్పు గల గొడుగుల వంటి ఏరియళ్ళను నిలిపిరి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు ప్రసారములు. తెలుగు కార్యక్రమములు హైదరాబాదులోనే తయారయ్యెడివి. ఉపాధ్యాయులకు విజ్ఞానబోధనలో శిక్షణ కూడ ఆ తెరమీదనే జరిగినది. 1976 జూలై 31తో గడువు తీరినది, ఉపగ్రహము మరలిపోయినది.

వర్షాధారపు సేద్యముతో కాలము వెళ్ళదీయు జిల్లాలో, ఆకాశమునుండి దిగివచ్చిన విజ్ఞానచిత్రములను పిల్లలు చూచిరనుట నేటి ఉపాధ్యాయులలో అనేకులు ఎరుగని సంగతి. నేడు ఏ ఏరియలూ అక్కరలేదు. పిల్లవాని జేబులోనే తెర ఉన్నది. కాని నాటి చిత్రమును ఎవరు తీసిరో, ఎవరికొరకు తీసిరో తెలిసియుండెడిది. నేడు యూట్యూబులో అర్ధగంటలో నిజాము చరిత్ర మొత్తమును తేల్చివేయు చిత్రములు కోకొల్లలు. వెనుక సంగీతము భోరుమని మ్రోగుచుండును. రెండు పాత ఛాయాచిత్రములు ముందుకు వెనుకకు జరుగుచుండును. ఆధారమేమో చెప్పక ఒక గొంతుక గంభీరముగా తీర్పులిచ్చుచుండును. ఇటీవల కృత్రిమ మేధతో కల్పించిన దృశ్యములును వీనిలో చేరినవి. ‘నేను చూచినాను సార్’ అని విద్యార్థి పలికినచో కాదనుట ఉపాధ్యాయునకు కష్టము. వినినదానికంటె కంటితో చూచినదానికి మన సమాజములో విలువ యెక్కువ గదా.

డాక్యుమెంటరీ సాక్షి వంటిది. సాక్షి చెప్పినదానిని వ్రాసికొని నమస్కరించి పంపివేయు న్యాయస్థానము లేదు. ఎదురు ప్రశ్నలు వేయవలెను. ఆ ప్రశ్నలకు కావలసిన సామగ్రి విద్యార్థి ఊరిలోనే దొరకునట్టి చిత్రమే బడిలో మొదట చూపదగినది. ప్రపంచ ప్రసిద్ధ చిత్రముల పట్టికలు ఎవరైనను ఇయ్యగలరు. వానిలో సగము నల్లగొండ బాలునకు వినోదముగనే మిగిలిపోవును.

ఈ దృష్టితో చూచినప్పుడు మొదట పేర్కొనవలసినది జార్ఖండ్ చిత్రము. శ్రీప్రకాశ్ అను దర్శకుడు 1999లో తీసిన ‘బుద్ధ వీప్స్ ఇన్ జాదుగూడ’ యురేనియము గనుల ప్రక్కన బ్రదుకు ఆదివాసుల కథ. 1974లో పోఖరానులో జరిగిన అణుపరీక్షకు ‘నవ్వుచున్న బుద్ధుడు’ అని సంకేతనామముంచిరి. ఆ నవ్వునకు ముడిసరుకు ఇచ్చిన నేలమీద బుద్ధుడు ఏడ్చుచున్నాడని దర్శకుని భావము. గనిలోని వ్యర్థములను నిలువజేయు చెరువులు, వాని అంచులనే ఊళ్ళు, అంగవైకల్యముతో పుట్టిన బిడ్డలు, తల్లుల మాటలు - చిత్రము నిండ ఇవియే.

జాదుగూడ ఎక్కడ, పాలమూరు ఎక్కడ? దూరము లేదు. నల్లగొండ జిల్లాలో సాగరు జలాశయమునకు చేరువనున్న లంబాపురము, పెద్దగట్టు ప్రాంతమున యురేనియము త్రవ్వవలెనని ప్రతిపాదన రాగా, 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో తీవ్రమైన ప్రతిఘటన ఎదురైనది. బుద్ధుని ధాతువులు బయల్పడిన నాగార్జునకొండ ఆ సమీపముననే ఉండుట చిత్రముగా తోచును. ఆ పిమ్మట 2019లో ఒకనాటి పాలమూరు జిల్లాకు, నేటి నాగరుకర్నూలు జిల్లాకు చెందిన అమ్రాబాదు పులుల అభయారణ్యములో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు కేంద్రములోని అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగా ఆమోదము తెలిపినది. చెంచు పెంటలు కలవరపడినవి. పట్టణములలోని విద్యార్థులు, రచయితలు, సినిమా నటులు సైతము గొంతు కలిపిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకము కూడదని ఏకగ్రీవముగా తీర్మానించినది. పదవ తరగతి బాలునకు ఇది చరిత్ర కాదు. తన చిన్ననాట జరిగినది.

అయినను ఈ చిత్రమును ఎదురు ప్రశ్నలు లేకుండ చూపరాదు. జాదుగూడలో గనులను నడుపు యురేనియము సంస్థ ఆ రోగములకు వికిరణము కారణము కాదనుచున్నది. చిత్రము వైద్యపరిశోధన కాదు. ఒక గ్రామములో పదిమంది వికలాంగులను చూపుట వేరు. గనికి దూరముననున్న మరియొక గ్రామముతో పోల్చి లెక్కగట్టుట వేరు. మొదటిది కన్నీరు తెప్పించును, రెండవది కారణమును తేల్చును. కన్నీరు అబద్ధమనుట కాదు. లెక్కకు పూనుకొనుమని మొదట పిలుచునది కన్నీరే. దర్శకుడు ఆదివాసుల పక్షమున నిలిచెను, దానిని దాచుకొనలేదు. దాచుకొన్న పక్షపాతము కంటె చెప్పుకొన్న పక్షపాతము బడిపిల్లలకు తక్కువ హాని చేయును. సంస్థ వాదమును, దర్శకుని వాదమును నల్లబల్లమీద ఎదురెదురుగా వ్రాయించిన ఉపాధ్యాయుడు రాజనీతిని, విజ్ఞానశాస్త్రమును ఒక్క గంటలోనే బోధించినవాడగును. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఇట్టి గని పనిచేయుచునే ఉన్నది గనుక, తెలుగుదేశమున ఈ విషయము ముగిసిన అధ్యాయము కాదు.

జాదుగూడ చెరువులలో ఉన్నది యురేనియపు చెత్త. నల్లగొండ జిల్లా నీటిలో ఉన్నది మనుష్యులు వేసినది కాదు, రాతిలో పుట్టినది. నల్లరాతి పొరలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు భూగర్భజలములోనికి కరగి వచ్చును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించినచో మొదట పండ్లు గారపట్టును, తరువాత ఎముకలు వంగును. మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతముల పేరు చెప్పగానే టెలివిజను చూచువారికి వంకర తిరిగిన కాళ్ళు కన్నులయెదుట మెదలును. దశాబ్దముల తరబడి వార్తాచిత్రములు ఆ కాళ్ళనే చూపినవి. బాధితుని ముఖము కంటె మోకాళ్ళు ఎక్కువసేపు తెరమీద నిలిచినవి. అతడు ఏ బావి నీరు త్రాగెనో, ఆ బోరు ఎన్ని అడుగుల లోతో, ఎప్పుడు వేసిరో ఏ కెమెరాయు అడిగిన జాడ అరుదు. సాటి మనిషి దేహమును ప్రదర్శనవస్తువుగా చేయు చిత్రము, ఉద్దేశము ఎంత మంచిదైనను, బడికి తగినది కాదు. అదే ఊరి పిల్లలు ఆ తరగతిలోనే కూర్చుండియుందురని మరువరాదు.

చెప్పదగినది మరియొకటి కలదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970వ దశకములో ఒక పద్ధతిని కనుగొన్నది. నీటిలో సున్నము, పటిక, బ్లీచింగు పౌడరు తగు పాళ్ళలో కలిపి, కలియబెట్టి, తేర్చినచో ఫ్లోరైడులో చాలభాగము మడ్డితో కూడ అడుగునకు దిగును. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనియే పేరు. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దేశములలో సైతము దీనిని వాడిచూచిరి. మన జిల్లా పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములకు ఎక్కినది ఈ మడ్డివలననే. అయితే రోజూ పాళ్ళు తప్పక కలుపువాడొకడు కావలెను, మడ్డిని పారబోయుటకు చోటు కావలెను. కావున ఊళ్ళలో అది నిలువలేదు. పైపులలో కృష్ణాజలము తెచ్చు పథకములే చివరకు శరణ్యమైనవి. ఈ కథకు కావలసిన చిత్రమును ప్రయోగశాలలో పిల్లలే సెల్‌ఫోనుతో తీయవచ్చును. పటిక వేసిన గాజుపాత్రలో మడ్డి దిగుట కంటికి కనబడును. ఫ్లోరైడు మాత్రము కనబడదు. దానిని పరీక్షపెట్టెతోనే కనుగొనవలెను. కెమెరాకు అందని వాస్తవము ఉండునని తెలియుటకు ఇంతకంటె మంచి పాఠమేది?

ప్రభుత్వము తీయించిన చిత్రములను కూడ త్రోసిపుచ్చరాదు. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రములు ఒకప్పుడు ప్రతి సినిమాకు ముందు ప్రదర్శింపబడెడివి. ఆ సమయమున జనము బయట బీడీలు కాల్చుకొనెడివారు. 2022లో ఆ సంస్థ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారములు వారికి ప్రియమైన విషయములు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమును గూర్చి చదువు విద్యార్థి ఆ కాలపు చిత్రములను చూచుట మేలు. దేశమును నిర్మించుకొనుచున్నామను ఉత్సాహము అందులో బూటకము కాదు. కాని రాళ్ళు మోసిన కూలీకి పేరుండదు. దేశమున ఎక్కడ ఆనకట్ట కట్టినను మట్టిమోసిన ‘పాలమూరు లేబరు’ మేస్త్రీల చేతిలో ఎట్లు నలిగెనో ఆ గంభీర వ్యాఖ్యానము చెప్పదు. సాగరమునకు పొరుగుననే, ఎత్తుమీదనున్న దేవరకొండ, మునుగోడు దప్పికతో మిగిలిన సంగతియు చెప్పదు. ఆ సంస్థలోనే ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో తీసిన ‘ఐ యామ్ ట్వంటీ’ మాత్రము వేరు తెన్నున నడచినది. స్వాతంత్ర్యముతోపాటు 1947లో పుట్టిన యువతీయువకులను నిలబెట్టి, నీకేమి కావలెనని అడిగి, వచ్చిన సమాధానములను దిద్దకుండ చూపినది. కళాశాల విద్యార్థులకు తప్పక చూపదగినది. చూచిన పిదప వారిని అవే ప్రశ్నలు అడుగవచ్చును.

ఇక చరిత్ర. 1948 సెప్టెంబరు నాటి హైదరాబాదు సైనికచర్యను గూర్చిన వార్తాచిత్రపు తునుకలు నేడు అంతర్జాలమున లభించుచున్నవి. బ్రిటిష్ పాథే వారు 2014లో తమ నిధినుండి 85,000 చిత్రములను యూట్యూబులో ఉంచిరి. ట్యాంకులు, సేనానుల కరచాలనము, జనసమూహములు - చూచుటకు బాగుండును. ఆ కెమెరా రాజమార్గము దాటలేదు. సూర్యాపేట, హుజూర్‌నగరు తాలూకాల ఊళ్ళలో అంతకు ముందు రజాకార్లు చేసినదియు, ఆ తరువాత సైన్యము చేసినదియు దానికి కనబడలేదు. ఆ లోటును పూరించుటకు ‘మా భూమి’ (1979)ని డాక్యుమెంటరీగా చూపు ఉపాధ్యాయులు కలరు. అది గొప్ప చిత్రమే, కాని కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారముగా తీసిన కథాచిత్రము. కథ యని చెప్పి చూపిన దానికి లోటు రాదు. నిజమైన పూరకము స్త్రీశక్తి సంఘటన వారు ఉద్యమస్త్రీల నోటిమాటలను కూర్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ వంటి గ్రంథములలో ఉన్నది. ఊరిలో మిగిలియున్న ఎనుబది తొంబదియేండ్ల వృద్ధులలో ఉన్నది. వారి మాటలను ఈ ఏడే పట్టుకొనవలెను.

సమీపకాలపు రాజకీయములకు దీపా ధన్‌రాజ్ తీసిన ‘క్యా హువా ఇస్ శహర్ కో’ (1986) చాలును. 1984లో హైదరాబాదు మతకలహములు ఎట్లు రేగినవో, ఎవరికి ఉపకరించినవో అది చూపును. పై తరగతులకే తగును. విజ్ఞానమునకు కార్ల్ సేగన్ ‘కాస్మాస్’ (1980), మన దేశ విజ్ఞానచరిత్రకు చందితా ముఖర్జీ పదుమూడు భాగముల ‘భారత్ కీ ఛాప్’ (1989) ఇప్పటికిని పాతబడలేదు. ఒకటి ఆంగ్లము, ఒకటి హిందీ. ధ్వనిని తగ్గించి ఉపాధ్యాయుడే తెలుగున వివరించుట మంచిది. టి-శాట్ ఛానెళ్ళు పాఠములు చెప్పుచున్నవి గాని, పాఠము డాక్యుమెంటరీ కాదు. సైట్ నాడు తెలుగులో విజ్ఞానచిత్రములు తీయుటకు హైదరాబాదులో ఒక కేంద్రమే పనిచేసినదన్న మాట ఇక్కడ గుర్తునకు వచ్చును.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట సమీపమున శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలినది. శ్రీశైలము నీటిని నల్లమల క్రిందుగా, నలుబది నాలుగు కిలోమీటర్ల దూరము నడిపి, నల్లగొండ ఫ్లోరైడు గ్రామములకు చేర్చవలెనని త్రవ్వుచున్న సొరంగమది. ఎనిమిదిమంది లోపల చిక్కుకొనిరి. కొన్ని వారముల వెదకులాటలో ఇద్దరి దేహములు మాత్రమే దొరికినవి. కెమెరాలన్నియు సొరంగపు ముఖద్వారమున నిలిచినవి; వచ్చిపోవు మంత్రులను, యంత్రములను చూపినవి. లోపల మిగిలిన వారిలో నలుగురు జార్ఖండ్ కూలీలు, గుమ్లా జిల్లావారు. వారి ఊళ్ళనుండి మొదలిడి దోమలపెంట వరకు నడచు చిత్రమును ఎవరైనను తీసినచో, పాలమూరు బడిపిల్లలకు దానిని వివరించి చెప్పవలసిన పని ఉపాధ్యాయునకు ఎక్కువగా ఉండదు. వారిలో అనేకుల తాతలు అదే విధముగ మూట నెత్తిన పెట్టుకొని, ఎవరిదో ఒక ఆనకట్ట కట్టుటకు రైలెక్కినవారే.