వినియోగదారు సంబంధాల సాఫ్ట్‌వేర్: పుదుచ్చేరిలో పేర్లే తొలి పరీక్ష

పుదుచ్చేరి: వారాంతపు పర్యాటకుల రాకపోకలపై ఆధారపడిన ఈ పట్టణంలో ఒకసారి వచ్చిన అతిథిని రెండోసారి రప్పించుకోవడమే వ్యాపారానికి ప్రాణం. వైట్ టౌన్ హోటళ్లలోనైనా, నెహ్రూ వీధి దుకాణాల్లోనైనా ఆ పనిని ఒకప్పుడు యజమాని జ్ఞాపకశక్తి చేసేది. ఇప్పుడు వినియోగదారు సంబంధాల నిర్వహణ సాఫ్ట్‌వేర్, అంటే వ్యాపార వర్గాలు ‘సీఆర్ఎం’ అని పిలిచేది, ఆ స్థానంలోకి వస్తోంది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏమి కొన్నారు, ఏ ఫిర్యాదు చేశారు, మళ్లీ ఎప్పుడు సందేశం పంపాలి అన్న వివరాలన్నీ అందులో ఒకేచోట ఉంటాయి.

ఈ సాఫ్ట్‌వేర్ మొదట పెద్ద సంస్థల విక్రయ విభాగాల కోసం రూపొందింది. 1993లో అమెరికాలో ఏర్పడిన సీబెల్ సిస్టమ్స్ కాలంలో అది కొనుగోలుదారు సొంత సర్వర్లలో నెలకొల్పుకోవలసిన ఖరీదైన వ్యవస్థ. 1999లో ప్రారంభమైన సేల్స్‌ఫోర్స్ దానిని ఇంటర్నెట్ ద్వారా చందాపై అందించడంతో చిన్న వ్యాపారికీ దారి తెరుచుకుంది. ఆ మార్పును భారత్‌లో ముందుగా అందిపుచ్చుకున్న నగరం చెన్నై. జోహో సీఆర్ఎం 2005లో వచ్చింది. 2010లో ఫ్రెష్‌డెస్క్‌గా మొదలైన ఫ్రెష్‌వర్క్స్ 2021 సెప్టెంబరులో నాస్‌డాక్‌లో నమోదైంది.

చెన్నై నుంచి పుదుచ్చేరి సుమారు 150 కిలోమీటర్లే. అయినా ఈ ఉత్పత్తులు మొదటినుంచీ ప్రపంచ విపణిని దృష్టిలో ఉంచుకున్నవి కావడంతో వాటి నమూనా పత్రంలో ఆంగ్ల సంప్రదాయమే స్థిరపడింది. మొదటి పేరు, చివరి పేరు, ఈమెయిల్: మనిషిని గుర్తించడానికి ఇవి చాలునన్నది ఆ నమూనా వెనుక ఉన్న ఊహ.

పుదుచ్చేరిలో ఆ ఊహ నిలవదు. ఇక్కడి తమిళుల్లో అత్యధికులకు ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరులోని తొలి అక్షరమే పేరుకు ముందు నిలుస్తుంది. మరికొన్ని కుటుంబాలకు ఫ్రెంచి ఇంటిపేర్లున్నాయి. 1881 నాటి ఫ్రెంచి ఉత్తర్వు ప్రకారం తమ స్వీయ ధర్మశాస్త్రాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరచట్టాన్ని స్వీకరించినవారు ఇంటిపేర్లు పెట్టుకున్నారు. వారిలో ప్రముఖుడైన పొన్నుతంబి పిళ్లై ‘లాపోర్త్’ అయ్యారు. వర్ణక్రమం మరో చిక్కు. ‘ముత్తు’లోని ఉకారాన్ని ఆంగ్ల పద్ధతిలో ఒక అక్షరంతో రాస్తే, ఫ్రెంచి పద్ధతిలో రెండక్షరాలతో రాస్తారు. రెండు పద్ధతుల్లోనూ బిల్లు పొందిన వ్యక్తి కంప్యూటర్ దృష్టిలో ఇద్దరు వినియోగదారులు. ఫోన్ నంబరుతో సరిచూద్దామంటే, ఒకే నంబరును ఇంటిల్లిపాదీ ఇచ్చే దేశం మనది. అప్పుడు నలుగురు ఒక్కరైపోతారు.

తెలుగువారి ఇబ్బంది వేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ‘మొదటి పేరు’ గడిలో అది చేరితే పండుగనాడు ‘హాయ్ పసుపులేటి’ అని సందేశం వస్తుంది. ఇంటిపేరుతో పిలవడంలో తప్పేమీ లేదు. యంత్రం మింగేసిన ‘గారు’ దగ్గరే మర్యాద దెబ్బతింటుంది. గడులను మార్చుకునే వెసులుబాటు చాలా ఉత్పత్తుల్లో ఉన్నప్పటికీ, ఆ పని చేయగల ఉద్యోగి పదిమందితో నడిచే దుకాణంలో దొరకడం అరుదు.

ఇంతవరకు ఇది మర్యాదకు సంబంధించిన విషయం. ఇకపై చట్టానికి సంబంధించినది కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. నోటీసు, సమ్మతి తదితర ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. సమ్మతి కోరే నోటీసును ఆంగ్లంలోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే అవకాశం వినియోగదారుకు కల్పించాలని చట్టం నిర్దేశిస్తోంది. ఇప్పటికే సమ్మతితో సేకరించిన వివరాలకూ నోటీసు పంపాలి. వివాదం తలెత్తితే సమ్మతి పొందినట్లు రుజువు చేసుకోవలసింది వ్యాపారే. తన పేరు తప్పుగా నమోదైందని భావించిన వ్యక్తికి దానిని సరిచేయించుకునే హక్కు కూడా ఉంటుంది.

ఈ కేంద్రపాలిత ప్రాంతంలో దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. వందల కిలోమీటర్ల దూరాన కాకినాడ సమీపంలో ఉన్న యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే. అక్కడి పాలనలో తెలుగుకు స్థానముంది. యానాం నుంచి రాజధానికి వచ్చి బస చేసిన వ్యక్తి తెలుగులో నోటీసు కోరవచ్చు. పట్టణ వీధుల పేర్లలో నేటికీ వినిపించే ఫ్రెంచికి మాత్రం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు.

అంకుర సంస్థలు సహా కొన్ని వర్గాలకు నోటీసు వంటి బాధ్యతల నుంచి మినహాయింపునిచ్చే అధికారం కేంద్రానికి ఉంది. చిన్న హోటళ్లకు, దుకాణాలకు అది వర్తిస్తే భారం తగ్గుతుంది. కానీ మినహాయింపు కోసం ఎదురుచూడటంకన్నా సాఫ్ట్‌వేర్‌నే సరిదిద్దడం మేలు. పేరుకు ఒకే గడి, ‘ఎలా పిలవాలి’ అన్నదానికి మరో గడి, ఏ భాషలో ఏ తేదీన సమ్మతి ఇచ్చారో తెలిపే నమోదు: సాంకేతికంగా ఇవి కష్టమైన మార్పులు కావు. షుగర్ సీఆర్ఎం బహిరంగ మూలం నుంచి 2004లో విడివడిన విటైగర్ వంటి ఉత్పత్తుల స్వేచ్ఛా ప్రతులను స్థానిక ప్రోగ్రామర్లే మార్చుకోవచ్చు. వాటిలో తెలుగు నోటీసును ఎవరు రాస్తారన్నది మరో ప్రశ్న. ‘సమ్మతి’, ‘ఉపసంహరణ’, ‘ప్రయోజనం’ అన్న మాటలను యంత్రానువాదానికి వదిలేస్తే, యానాం అతిథి చివరికి ఆంగ్ల ప్రతినే నొక్కుతారు.