కిడ్నాప్ వ్యానులో మా నాయినమ్మ

హీరోయిన్ కాలేజీ నుంచి నడిచి వస్తుంటుంది. గుండెలకు హత్తుకున్న పుస్తకాలు. వెనక నుంచి తెల్ల మారుతీ వ్యానొకటి వచ్చి కీచుమని ఆగుతుంది. పక్క తలుపు సర్రున జరుగుతుంది. లోపల్నుంచి నాలుగు చేతులు! తలుపు మూసుకుంటుంది. పుస్తకాలు మాత్రం రోడ్డు మీద!

ఈ సీను ఎన్ని సినిమాల్లో చూశారో చెప్పగలరా? నేనైతే లెక్కపెట్టడం మానేశాను. అలాంటి వ్యానే ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొందామని 2022 వేసవిలో మా చిట్యాల ఇంట్లో నోరు జారాను. మా నాయినమ్మ తమలపాకు నమలడం ఆపేసింది.

"దొంగల బండా? మనకెందుకురా గది?"

ఎందుకంటే మేం ఏడుగురం. నాయినమ్మ, నాయిన, అమ్మ, అక్క, అక్క పిల్లలిద్దరు, నేను. ఉన్నది ఒక్క మోటారు సైకిలు. నాయినమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి, బస్సు మెట్టెక్కడం ఆమె వల్ల కాదు. నల్లగొండ డాక్టరు దగ్గరికి పోవాలంటే ప్రతిసారీ ఆటో మాట్లాడటం, అందులో మడత కుర్చీలా ముడుచుకుని కూర్చోవడం. ఇద్దరు పిల్లలున్న ఏడుగురు మామూలు కారులో పట్టరు. పెద్ద బండ్ల ధర వింటే నాయినకు దగ్గొస్తుంది. మిగిలింది వ్యానే.

అన్నట్టు, పాపం ఆ వ్యాను చరిత్ర కూడా కొంచెం వినండి. 1984లో మారుతీ వ్యాన్ అనే పేరుతో వచ్చింది. 1988లో ఓమ్నీ అయింది. 796 సీసీ ఇంజను, మూడే సిలిండర్లు. 2019లో తయారీ ఆపేశారు. ఆ 35 ఏళ్లలో అంబులెన్సుగా తిరిగింది, బడి పిల్లల్ని మోసింది, పెళ్లిళ్లకు వంట సామాను చేరవేసింది. విలన్ వేషం సినిమాల్లోనే, బయట మాత్రం మంచి క్యారెక్టర్ ఆర్టిస్టు!

మరి విలన్లకు అదే ఎందుకు నచ్చింది? తలుపు బయటికి తెరుచుకోదు, పక్కకు జరుగుతుంది. సందులో ఆపినా ఫరవాలేదు. నేల ఎత్తు తక్కువ, మనిషిని లోపలికి లాగడం తేలిక. ఆలోచించండి, మా నాయినమ్మకు కావలసింది కూడా సరిగ్గా అదే కదా!

నల్లగొండ వైపు ఒకాయన దగ్గర 2010 మోడల్ ఓమ్నీ ఉందని తెలిసింది. 95 వేలన్నాడు. కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, అద్దానికి వేలాడే పూసలు. ఫుల్ మేకప్! నాయిన మోజుపడి అక్కడికక్కడే 5 వేలు బయానా ఇచ్చేశాడు. రెండు బర్రెలు అమ్మిన డబ్బు అది. మర్నాడు మా ఊరి మేస్త్రిని తీసుకెళ్లాను. ఈ బండికి ముందు బానెట్టులో ఇంజను ఉండదు, ముందు సీటు లేపితే కింద కనపడుతుంది. ఆయన సీటు లేపి చూశాడు, దించాడు. వెనక్కి వెళ్లి చాప ఎత్తాడు. నన్ను పిలిచాడు.

చాప కింద తుప్పు తిన్న నేల, దాని మీద చెక్క బల్లకు వేసిన పాత బోల్టు రంధ్రాలు. ఎంతమంది బడి పిల్లల్ని కుక్కేవారో! పక్కనే గుడ్డ కప్పిన ఎర్ర సిలిండరు. మనం వంటింట్లో వాడేదే! ఆర్సీలో చూస్తే పెట్రోలు అని మాత్రమే ఉంది. గ్యాసుతో నడిపే బండికి అనుమతి ఉన్న కిట్టు, అందుకని చేసిన ట్యాంకు ఉండాలి, ఆ సంగతి ఆర్సీలో ఎక్కాలి. వంట సిలిండరుతో బండి నడపడం నేరం. నేరం సంగతి అటుంచండి, దాని పక్కన కూర్చునేది మా అక్క పిల్లలు!

"తీసేసి అమ్ముత తియ్," అన్నాడాయన నవ్వుతూ.

"జెర్ర తగ్గిస్తడేమో అడుగు," అన్నాడు నాయిన నా చెవిలో. అక్కడే ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. బయానా తిరిగి రాలేదు. ఇంటికొచ్చేదాకా నాయిన నాతో మాట్లాడలేదు.

రెండు నెలలకు ఈకో దొరికింది. 2010లో మార్కెట్లోకి వచ్చిన బండి, 1196 సీసీ. మేం చూసింది 2014 మోడల్, ఏడు సీట్లది, ఒక్క చేతి మీదే నడిచింది. ఈసారి పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లాం. ముందే వేడిచేసి పెట్టిన ఇంజను చాలా తప్పులు దాస్తుంది. పొగ నీలంగా వస్తే ఆయిలు తాగుతున్నట్టు. రాలేదు. తలుపు జరిగే పట్టా తడిమాడు మేస్త్రి. బ్రేకు పెడల్ రబ్బరు చూసి, మీటరు చూశాడు. మీటరుకు వేషం వేయొచ్చు, అరిగిన రబ్బరు అబద్ధమాడదట! చాసిస్ నంబరు ఆర్సీతో కలిపి చూశాం. బ్యాంకు అప్పు తీరిందన్న కాగితం, 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు అన్నీ అయ్యాకే డబ్బు. 2 లక్షల 40 వేలు. ఇన్సూరెన్సు మన పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోగా అడగాలి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే.

ఇంతవరకూ కులాసాగానే చెప్పాను. ఒక్క సంగతి మాత్రం నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వలేదు. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్ బ్యాగులు లేని ఈకోని గోడకు కొట్టి పరీక్షిస్తే పెద్దవాళ్ల రక్షణకు వచ్చిన స్టార్లు సున్నా. సినిమాలకు మనమిచ్చే స్టార్ల లాంటివి కావివి! ఈ వ్యాన్లకు ముక్కు పొట్టి. ముందు కూర్చున్నవాడి మోకాళ్లకూ ఎదుటి లారీకీ మధ్య ఉండేది కాస్త రేకు. మేం తిరగాల్సింది హైదరాబాదు – విజయవాడ రోడ్డు మీద. నాయినకు దాచకుండా చెప్పేశాను.

ఆయన చాలాసేపు బీడీ కాల్చాడు. "మరి మీ నాయినమ్మ బస్సెట్ల ఎక్కుతది?" అన్నాడు చివరికి.

నా దగ్గర జవాబు లేదు. అందుకే షరతులు పెట్టాను. 60 దాటకూడదు. పిల్లలు ముందు సీట్లో కూర్చోకూడదు. రాత్రి ప్రయాణం వద్దు. సీటు సందుల్లో కూరుకుపోయిన బెల్టులు బయటికి లాగించి మరీ కడిగించాను. నాయిన ఒప్పుకున్నాడు. ఇప్పటికీ ఒక్కోసారి ముల్లు 70 మీద కనపడుతుంది, నేను దగ్గుతాను.

అమావాస్యకు చెరువుగట్టు రామలింగేశ్వరుడి దగ్గరికి మొదటి ప్రయాణం. బండి మా గల్లీలో గోడవారగా ఆపాం. తలుపు సర్రున జరిగింది. నాయినమ్మ కర్ర నా చేతికిచ్చి, ఒక కాలు లోపల పెట్టి, అక్క భుజం పట్టుకుని ఎవరూ ఎత్తకుండానే ఎక్కి కూర్చుంది. కిటికీలోంచి ఎదురింటామెను కేకేసింది.

"ఓ పిల్లా! జూస్తున్నవా? పట్టపగలు నన్నెత్తుకపోతున్నరే!"