ఆకు కింద చూసేది ఎవరు, దవా కొనేది ఎవరు?

మా ఖాలా వాళ్లు మునుగోడు దిక్కు మూడెకరాలు కౌలుకు పట్టి కపాస్ వేసిన్రు. పోయిన వానకాలం ఆకులు ఎర్రబడుతుంటే ఖాలూ పరేషాన్ అయి దుకాణంకు ఉరికిండు. దుకాణ్‌దార్ చేను చూడలే, ఆకు చూడలే. మూడు డబ్బాలు ఉధార్ మీద ఇచ్చి, కలిపి కొట్టుమన్నడు. కొట్టిన్రు. రెండు వారాలకు చెట్టు కదిలిస్తే చాలు, తెల్లదోమ పిండి లేచినట్టు లేచింది.

ఖాలా మొదటి రోజే చెప్పింది, "ఆకు కింద కీడాలేం లేవు, ఈనెలు పచ్చగనే ఉన్నయి" అని. ఆమె మాట సహీ. ఈనెలు పచ్చగ ఉండి నడుమ ఎర్రబడితే అది మెగ్నీషియం తక్కువై వచ్చే ఎరుపు. లీటరు నీళ్లకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కొడితే సరిపోతుండె. జహర్ కొట్టి దోస్తు పురుగులను చంపుకున్నరు, తెల్లదోమకు దావత్ ఇచ్చిన్రు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ చల్కా భూములల్ల ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. కలుపు తీసేది, పత్తి ఏరేది ఆడవాళ్లు. దినమంతా వంగి ఆకు కింద చూసేది వాళ్ల కళ్లే. మష్వరా మాత్రం మగవాళ్లకు, దుకాణ్‌దార్‌కు నడుమ జరుగుతది. నా ఎతరాజ్ ఇక్కడనే.

ఆపాలకు ఇది కొత్త ఇల్మ్ కాదు, పేర్లే కొత్త. ఆకు అంచులు పసుపుబారి, కిందికి ముడుచుకుని, ఎర్రగ కాలినట్టయితే పచ్చదోమ. ముట్టుకుంటే పక్కకు అడ్డంగ నడుస్తది, అదే దాని నిషానీ. ఆకు పైకి ముడుచుకుని, కింద వెండి గీతలు మెరిస్తే తామర పురుగు. కొసలకు గుంపుగ పట్టి, బంక కారి, చీమలు ఎక్కుతుంటే పేనుబంక. తెల్లదోమ బంక మీద నల్ల బూజు పడుతది. కొమ్మకు తెల్ల దూది అంటినట్టుంటే పిండినల్లి.

కీడా కనపడంగనే దవా కొట్టుడు కూడా తప్పే. అక్కడక్కడ ఇరవై చెట్లు చూడాలె, ఒక్కో చెట్టుకు పైన, నడుమ, కింద మూడాకులు. ఆకుకు రెండు పచ్చదోమలు దాటితేనే ఖర్చుకు ఫాయిదా. అక్షింతల పురుగులు, సాలీళ్లు బాగ కనపడితే ఇంకొన్ని రోజులు సబర్ చేయొచ్చు. ముందు వేపనూనె, పసుపు రంగు జిగురు అట్టలు. యూరియా ఎక్కువేస్తే ఆకు మెత్తబడి ఈ కీడాలకే దస్తర్‌ఖాన్ అయితది.

2002ల బీటీ విత్తనం వచ్చినప్పుడు ఇక దవా బాధ తప్పిందని ఖుష్ అయినం. బీటీ ఆపేది కాయ తొలిచే పురుగును. రసం పీల్చేవాటికి దాంతోని ఏం కాదు. దవాలు మితిమీరితే ఏమైతదో 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం రైతులు చూసిన్రు. సింథటిక్ పైరిత్రాయిడ్లు ఇష్టమొచ్చినట్టు కొట్టినంక తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. జాన్ ముచ్చట వేరే. 2017ల మహారాష్ట్ర యవత్‌మాల్‌ల దవా కొడుతూ ఆ జహర్ ఎక్కి ఇరవై మంది దాకా పోయిన్రు. మన దగ్గర ఇప్పటికీ మూతికి దస్తీ కూడ కట్టకుండనే పంపు ఎత్తుతరు.

దుకాణ్‌దార్‌ను తిట్టి లాభం లేదు, ఆయనది తిజారత్. ఉధార్ ఇచ్చేటాయన ముందు "ఈ డబ్బా వద్దు" అనే హిమ్మత్ కౌలు రైతుకు యాడికెల్లి వస్తది? అందుకే దుకాణం మెట్లెక్కక ముందే ఫైసలా ఇంట్ల కావాలె, ఆకు చూసిన మనిషి ముంగట. పాలెంల పరిశోధనా స్థానం ఉంది, కంపాసాగర్‌ల కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. రోగం పట్టిన ఆకులు పట్టుకుని పోయేటప్పుడు భాయ్‌లు ఒక్కరే పోవద్దు, ఇంటి ఆడవాళ్లను తోలుకపోవాలె. అక్కడి సాబ్‌లు అడిగే సవాళ్లకు జవాబు వాళ్ల దగ్గరనే ఉంటది.

ఈసారి ఖాలా కొంగుల ఆకులు మూట కట్టుకుని పోతనంటున్నది. ఖాలూ ఇంకా ఒప్పుకోలే. పోయినేటి మూడు డబ్బాల బాకీ ఈ కపాస్ అమ్మినంకనే తీరుతదట.